‘బయట’ లేని చోట: అంతరిక్ష యాత్రల్లో మలమూత్రాల శుద్ధి చరిత్ర

పరిచయం

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో పెద్దవాళ్లు మరుగుదొడ్డికి వెళ్లేటప్పుడు ‘బయటికి పోయొస్తా’ అనడం మీరు వినే ఉంటారు. ఇంట్లోనే మరుగుదొడ్డి కట్టుకున్నా మాట మాత్రం మారలేదు. ఆ మాటలో ఒక పాత ఏర్పాటు దాగి ఉంది. ఇల్లు వేరు, బయలు వేరు. శరీరం వదిలినది ఇంటి హద్దు దాటిపోవాలి. దాటిన తరువాత అది మన లెక్కలోకి రాదు. ఎండ, మట్టి, పురుగు, వాన కలిసి దాని సంగతి చూసుకుంటాయి. పట్నాల్లో ఆ పనిని మురుగుకాలువకో, సెప్టిక్ ట్యాంకు లారీకో, లేదా మరో మనిషికో అప్పగిస్తాం.

అంతరిక్ష నౌకలో ఈ ‘బయట’ ఉండదు. తలుపు తీస్తే ప్రాణం పోతుంది. లోపల ఉన్న నీరు, గాలి, తిండి అంతా కింది నుంచి మోసుకెళ్లిందే. అందువల్ల మనిషి అంతరిక్షంలో ఎన్ని రోజులు ఉండగలడన్నది రాకెట్ బలం ఒక్కటే తేల్చే విషయం కాదు. తన మలమూత్రాలను తాను ఏం చేసుకుంటాడన్నది కూడా తేల్చాలి. రాకెట్ల చరిత్రలో ఈ భాగాన్ని సాధారణంగా ఒక నవ్వుల పేజీగా రాసి వదిలేస్తారు. ఈ పాఠంలో దాన్ని చరిత్రగానే చదువుదాం.

మన ప్రాంతానికి ఇది దూరపు విషయమేమీ కాదు. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేటతో పాటు ఆ దీవి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. తడ, శ్రీకాళహస్తి వైపు మేడ ఎక్కి రాకెట్ వెలుగు చూసినవాళ్లు మీలో ఉండే ఉంటారు. గగన్‌యాన్‌లో మన వ్యోమగాములు బయలుదేరవలసింది అక్కడి నుంచే.

మొదటి సంవత్సరాలు: వాయిదా వేసిన సమస్య

1961 మే 5న అమెరికా వ్యోమగామి అలన్ షెపర్డ్ చేసిన యాత్ర 15 నిమిషాలది. అంత కొద్ది సేపటికి మూత్రం సంగతి ఎందుకని ఇంజనీర్లు ఏ ఏర్పాటూ చేయలేదు. కానీ ప్రయోగం గంటల తరబడి ఆలస్యమైంది. కుర్చీకి కట్టి పడుకోబెట్టిన మనిషి ఎంతసేపని ఆగుతాడు? చివరికి అనుమతి తీసుకుని, ఒంటికి అతికించిన వైద్య పరికరాలకు కరెంటు ఆపించి, సూటులోనే కానిచ్చేశాడు. అంతకు కొద్ది వారాల ముందు, ఏప్రిల్ 12న, యూరీ గగారిన్ ప్రయోగవేదికకు వెళ్తూ దారిలో బస్సు దిగి చక్రం పక్కన మూత్రం పోశాడని చెబుతారు. తరువాతి రష్యన్ వ్యోమగాములు దాన్ని శకునంలా పాటించారు. రెండు దేశాలకూ తొలి పరిష్కారం ఒక్కటే: బయలుదేరే ముందే పని ముగించుకోవడం.

యాత్ర రోజుల్లోకి, వారాల్లోకి పెరిగాక అది సరిపోలేదు. 1965 డిసెంబరులో ఫ్రాంక్ బోర్మన్, జిమ్ లోవెల్ జెమినీ-7లో 14 రోజులు ఉన్నారు. కారు ముందు సీట్లంత చోటు. అందులోనే తిండి, నిద్ర, అన్నీ.

ఇక్కడ ఒక భౌతికశాస్త్ర విషయం గమనించండి. భూమి మీద మలం శరీరం నుంచి విడిపోయి కిందపడడానికి కారణం గురుత్వాకర్షణ. అది ఎప్పుడూ ఉండేది కాబట్టి మనకు ఆ సంగతే తట్టదు. భారరహిత స్థితిలో ‘కింద’ అనేది లేదు. మలం విడిపోదు, విడిపోయినా ఎటు పోతుందో తెలియదు. నీటి బొట్టు గోళీలా గాలిలో తేలుతూ తగిలినచోట అతుక్కుంటుంది. అపోలో నౌకల్లో దీనికి ఇచ్చిన సాధనం ఒక ప్లాస్టిక్ సంచి. మూతి చుట్టూ ఉన్న జిగురును పిరుదులకు అతికించుకోవాలి. సంచిలో వేలు దూర్చేందుకు ఒక తొడుగు ఉండేది, ఎందుకో మీరే ఊహించవచ్చు. ఆ తరువాత క్రిమిసంహారక మందు ప్యాకెట్టు లోపల వేసి, చపాతీ పిండిలా చేత్తో బయటి నుంచి పిసికి కలపాలి. మందు సరిగ్గా కలవకపోతే బాక్టీరియా వాయువులు పుట్టించి సంచిని పగలగొడతాయి. ఈ మొత్తానికి ముప్పావు గంట పట్టేది. 1969 మేలో అపోలో-10 వ్యోమగాములు గాలిలో తేలుతున్న ఒక ముక్కను చూసి అది ఎవరిదని వాదించుకున్న సంభాషణ అధికారిక రికార్డులో ఇప్పటికీ ఉంది. అపోలో ముగిశాక నాసా వైద్యులు రాసిన నివేదికలో ఈ సంచుల పద్ధతి వ్యోమగాములకు ఏమాత్రం నచ్చలేదని దాచకుండా ఒప్పుకున్నారు.

ఆ సాధనాలన్నీ మగవాళ్ల శరీరానికే కొలతపెట్టి చేసినవి. ఇది ఆ కాలపు నిర్ణయం. దాని ఖర్చును తరువాతి తరం మహిళా వ్యోమగాములు డైపర్లతో, సరిగ్గా పనికిరాని గరాటులతో చెల్లించారు.

పారబోస్తే ఏమైంది?

మలాన్ని సంచిలో కట్టి దాచినా, మూత్రాన్ని మాత్రం ఒక గొట్టం గుండా బయటికి పారబోసేవాళ్లు. శూన్యంలోకి వెళ్లగానే అది గడ్డకట్టి ఎండలో మెరిసే పలుకులుగా చెదిరిపోయేది. బయట ఉన్నట్టే అనిపించింది.

1970 ఏప్రిల్‌లో అపోలో-13లో ఆక్సిజన్ ట్యాంకు పేలింది. ముగ్గురు మనుషులను ఒక సన్నని దారి తప్పకుండా భూమికి తేవాలి. మూత్రం పారబోసినా, ఆ చిన్న తోపుడుకే నౌక దారి కొద్దిగా మారుతుంది. అందుకని పారబోయవద్దన్నారు. వాళ్లు దొరికిన ప్రతి సంచిలోనూ మూత్రం నింపి నౌకలోనే పెట్టుకున్నారు. నీళ్లు చాలక తాగడం తగ్గించారు. ఫ్రెడ్ హేజ్‌కు మూత్రనాళ ఇన్ఫెక్షన్ వచ్చి, జ్వరంతో వణుకుతూ భూమికి చేరాడు.

1984 ఆగస్టు చివర డిస్కవరీ షటిల్ మొదటి యాత్రలో ఇంకో ముచ్చట జరిగింది. వ్యర్థజలం వదిలే రంధ్రం దగ్గర నీరు గడ్డకట్టి, పెద్ద మంచుకొమ్ముగా పెరిగింది. తిరుగు ప్రయాణంలో అది ఊడి నౌక తోకకు తగిలితే ప్రమాదం. కమాండర్ హెన్రీ హార్ట్స్‌ఫీల్డ్ యంత్రపు చేతిని జాగ్రత్తగా జరిపి దాన్ని విరగ్గొట్టాడు. ఆ తరువాత మిగిలిన రోజుల్లో మూత్రానికి మళ్లీ సంచులే గతి.

1973లో ఎగిరిన స్కైలాబ్ వాళ్లు ఇంకో దారి తొక్కారు. ఖాళీగా ఉన్న పెద్ద ట్యాంకు ఒకదాన్ని చెత్తకుండీగా వాడి, నౌకలోపలే ఒక ‘బయట’ కట్టుకున్నారు. మలాన్ని మాత్రం వేడితో, శూన్యంతో ఎండబెట్టి, పేర్లు రాసి, వైద్య పరీక్షలకు భూమికి తెచ్చారు. 84 రోజులు ఉన్న మనుషుల ఒంట్లోంచి ఏ ఖనిజం ఎంత పోతోందో తెలియాలి కదా. ఎముకల్లోని కాల్షియం మూత్రంలో కరిగిపోతోందన్న విషయం ఈ ఓపిక వల్ల స్పష్టపడింది. ఆ కాల్షియం ఈ పాఠంలో మళ్లీ వస్తుంది.

భూమి మీది ‘బయట’ ఎవరిది?

ఇక్కడ కాసేపు నేలమీదికి వద్దాం. చిత్తూరు జిల్లా సరిహద్దు దాటితే కర్ణాటకలో కోలారు బంగారు గనులు. 19వ శతాబ్దం చివర్లో గనులు పెరిగినప్పుడు తెలుగు, తమిళ ప్రాంతాల నుంచి వేల కుటుంబాలు అక్కడికి కూలికి వెళ్లాయి. ఆ గనుల టౌనులో నీళ్లతో కడిగే మరుగుదొడ్లు కాక, పొడి మరుగుదొడ్లు వరసలుగా ఉండేవి. వాటిలో పడిన మలాన్ని మనుషులు చేతులతో ఎత్తి, బకెట్లలో మోసి పారబోయాలి. ఆ పని ఒకే కులం మీద వేసి ఉంచారు. అక్కడి తెలుగు కుటుంబంలో 1966లో పుట్టిన బెజవాడ విల్సన్ తండ్రి, అన్న ఇదే పని చేశారు. విల్సన్ 1990లలో ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్‌లతో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ నిర్మించారు. 1993లో ఒక చట్టం, 2013లో మరింత గట్టి చట్టం వచ్చాయి. 2014లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. విల్సన్‌కు 2016లో రామన్ మెగసెసే పురస్కారం దక్కింది. అయినా సెప్టిక్ ట్యాంకులోకి దిగి చనిపోయినవాళ్ల వార్తలు ఆగలేదు.

దీన్ని అంతరిక్ష పాఠంలో ఎందుకు చెబుతున్నాం? మన సమాజంలో ‘బయట’ అనేది ఖాళీ స్థలం కాదు. చాలాసార్లు అక్కడ ఒక మనిషి ఉన్నాడు. అంతరిక్ష కేంద్రంలో ఆ మనిషి లేడు. అక్కడ మరుగుదొడ్డి చెడిపోతే బాగుచేసేది అందులో ఉన్న పైలట్లు, డాక్టర్లు, శాస్త్రవేత్తలే. ట్యాంకు నిండితే మార్చేది కూడా వాళ్లే. పప్పు తినే చెంచా పట్టిన చేతులతోనే పంపు విప్పాలి.

నీళ్ల లెక్క

ఇక్కడ పుస్తకం పక్కనపెట్టి ఒక లెక్క వేయండి. అంతరిక్షంలో ఒక మనిషికి తాగడానికి, వంటకు, శుభ్రతకు కలిపి రోజుకు దాదాపు 3.8 లీటర్ల నీరు కావాలి. (మన ఇంట్లో ఒకరు స్నానానికి వాడే నీళ్లతో పోల్చి చూడండి.) నలుగురు అంగారకుడికి వెళ్లి రావడానికి సుమారు 1,000 రోజులనుకుందాం. 3.8ని 4తో, మళ్లీ 1,000తో హెచ్చవేస్తే 15,200 లీటర్లు, అంటే 15 టన్నులకు పైమాట. శ్రీహరికోట నుంచి ఎగిరే మన ఎల్‌వీఎం-3 రాకెట్ భూమికి దగ్గరి కక్ష్యలోకి మోయగలిగేది సుమారు 8 టన్నులు. అంటే రెండు రాకెట్లు నిండా నీళ్లే, అదీ కేవలం గుమ్మం దాకా.

తిరుమల వాళ్లకు ఈ బాధ చిన్న కొలతలో తెలుసు. గోగర్భం, పాపవినాశనం జలాశయాలు కొండమీదే ఉన్నా, చాలనప్పుడు కింద నుంచి నీరు ఎక్కించాలి. పైకి ఎక్కించిన నీటికి విలువ ఎక్కువ. దాన్ని ఒక్కసారి వాడి వదిలేయడం కష్టమనిపిస్తుంది.

సోవియట్ యూనియన్ ఈ లెక్కను తొందరగా పట్టుకుంది. 1975లో సాల్యూత్-4 కేంద్రంలో మనుషుల ఊపిరి, చెమటల నుంచి గాలిలో చేరిన తేమను చల్లబరిచి నీరుగా పట్టి, శుద్ధి చేసి వాడారు. మీర్ కేంద్రంలో 1990 ప్రాంతంలో మూత్రం నుంచి కూడా నీరు తీశారు. అయితే దాన్ని ప్రధానంగా విద్యుత్తుతో విడగొట్టి ఆక్సిజన్ తయారు చేసుకోవడానికే మళ్లించారు. పీల్చుకోవడానికి ఇష్టపడిన దాన్ని తాగడానికి మనసొప్పలేదు. రసాయనశాస్త్రానికి రెండూ ఒకటే, మనిషికి మాత్రం కాదు.

తాగడం మొదలైంది 2009లో. మూత్రశుద్ధి యంత్రాన్ని 2008 నవంబరులో ఎండీవర్ షటిల్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి మోసుకెళ్లింది. అది పనిచేసే తీరు చూడండి. మరుగుదొడ్డిలో గాలి పీల్పుతో మూత్రాన్ని లాగుతారు. అంటే గురుత్వాకర్షణ చేసే పనిని ఫ్యాను చేస్తుంది. వెంటనే ఘాటైన ఆమ్లం కలుపుతారు, లేకపోతే కుళ్లి గొట్టాలు పూడిపోతాయి. తరువాత స్వేదనం. నాటుసారా బట్టీలో జరిగేదీ ఇదే: కాచి, ఆవిరి పట్టి, చల్లబరచడం. కానీ భారరహిత స్థితిలో ఆవిరి పైకి లేవదు, ద్రవం కింద ఉండదు. అందుకని ఒక డ్రమ్మును గిరగిరా తిప్పుతారు. ద్రవం గోడకు అతుక్కుంటుంది, ఆవిరి మధ్యలో మిగులుతుంది. పీడనం బాగా తగ్గిస్తారు కాబట్టి తక్కువ వేడికే మరుగుతుంది. ఆ నీటిని గాలిలోని తేమ నుంచి తీసిన నీటితో కలిపి, వడపోసి, వేడి చేసిన గదిలో మిగిలిన రసాయనాలను ఆక్సిజన్‌తో విరగ్గొట్టి, చివరికి అయోడిన్ కలుపుతారు. 2009 మే 20న కేంద్రంలోని ముగ్గురు, గెన్నడీ పడాల్కా, మైకేల్ బారట్, కోయిచి వకాటా, ఆ నీటి సంచులు ఎత్తి తాగారు.

కొన్ని నెలలకే యంత్రం మూగబోయింది. విప్పి చూస్తే స్వేదన భాగంలో గట్టి తెల్లటి పదార్థం. కాల్షియం సల్ఫేటు, అంటే జిప్సం జాతి. మన బోరు నీళ్లతో హీటరు కడ్డీకి పట్టే తెల్లటి పొక్కులను గుర్తు తెచ్చుకోండి, రసాయనం వేరైనా తంతు అదే. ఎందుకు వచ్చింది? యంత్రాన్ని భూమి మీద పరీక్షించినప్పుడు భూమి మీది మనుషుల మూత్రం వాడారు. అంతరిక్షంలో ఎముకలు బరువు మోయవు కాబట్టి కాల్షియం వదిలేస్తాయి, అది మూత్రంలోకి చేరుతుంది. కలిపిన ఆమ్లమేమో గంధకామ్లం. రెండూ కలిసి జిప్సమయ్యాయి. స్కైలాబ్ నమూనాల్లో 36 ఏళ్ల ముందే కనిపించిన సంగతి ఇంజనీర్ల లెక్కలోకి సరిగ్గా ఎక్కలేదు. వైద్యుల కాగితాలు ఇంజనీర్ల బల్లమీదికి చేరకపోవడం ఒక్క నాసాకే పరిమితమైన జబ్బు కాదనుకోండి. మూత్రంలోంచి 85 శాతం నీరు తీయాలన్న లక్ష్యాన్ని 70, 75 శాతానికి తగ్గించుకుని కొన్నేళ్లు నెట్టారు. గంధకామ్లం బదులు ఫాస్ఫారిక్ ఆమ్లం వాడడం మొదలుపెట్టాక గాని మళ్లీ 85 దాటలేదు.

మిగిలిన చిక్కటి ఉప్పుద్రవాన్ని కూడా ఆరబెట్టి నీరు పట్టే యంత్రం 2021లో చేరింది. మన ఊళ్లలో ఫిల్టరు నీళ్ల ప్లాంటు పక్కన కాలువలోకి వదిలేసే ఉప్పునీటిని ఎవరైనా వదలకుండా పిండినట్టు. దాంతో మొత్తం నీటి తిరిగిరాక 93–94 శాతం నుంచి 98 శాతానికి చేరిందని 2023 జూన్‌లో నాసా ప్రకటించింది. నాలుగు శాతమే కదా అనిపిస్తుంది. పై లెక్కకు తిరిగి వెళ్లండి: 15,200 లీటర్లలో నష్టం వెయ్యి లీటర్ల దగ్గరి నుంచి 300 లీటర్లకు పడిపోతుంది.

హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లిన ఇంజనీరు కొడుకు రాజా చారి 2021 నవంబరు నుంచి 2022 మే దాకా ఆ కేంద్రంలో ఉన్నారు. 2025లో శుభాంశు శుక్లా అక్కడికి వెళ్లిన మొదటి భారతీయ వ్యోమగామి అయ్యారు. నిన్నటి కాఫీయే రేపటి కాఫీ అని అక్కడివాళ్లు నవ్వుకుంటారు. ‘ఛీ’ అనిపిస్తే ఆ అసహ్యాన్ని కొట్టిపారేయకండి, రోగాల నుంచి తరతరాలుగా మనల్ని కాపాడింది అదే. కానీ స్వర్ణముఖిలో పారే నీరు మీ దాకా వచ్చే ముందు ఎన్ని శరీరాల గుండా వచ్చి ఉంటుందో కూడా ఆలోచించండి. అక్కడ అదే చక్రాన్ని ఒక పెట్టెలో బిగించారు.

ఇంకా తెగని ముడి

ఇంత చేసినా మలాన్ని మాత్రం ఇప్పటికీ పారేస్తున్నారు. అందులో మూడొంతులు నీరే అయినా కేంద్రంలో దాన్ని డబ్బాల్లో కుక్కి, ఖాళీ అయిన సరుకుల నౌకలోకి ఎక్కిస్తారు. ఆ నౌక వాతావరణంలోకి దూసుకొచ్చి కాలిపోతుంది. మీరు రాత్రి చూసే ఉల్కల్లో ఎప్పుడైనా ఒకటి అదై ఉండవచ్చు. చంద్రుడి మీద 1969–72 మధ్య దిగిన 12 మంది వదిలేసి వచ్చిన వ్యర్థాల సంచులు 96 అని చెబుతారు. అవి అక్కడే ఉన్నాయి. వాటిలోని బాక్టీరియాలో ఏదైనా మిగిలి ఉందా అని చూడాలని కొందరు శాస్త్రవేత్తలకు కోరిక.

అంగారక యాత్రలో సరుకుల నౌక రాదు, కాలిపోవడానికి దగ్గర్లో వాతావరణమూ లేదు. మలాన్ని ఎరువుగా, వాయువుగా, నీరుగా మార్చే జీవచక్రం కోసం ఐరోపా అంతరిక్ష సంస్థ 1989 నుంచి ‘మెలిస్సా’ పరిశోధన నడుపుతోంది. బాక్టీరియా ఒక గదిలో కుళ్లబెడితే, మరో గదిలో నత్రజనిని మార్చితే, ఇంకో గదిలో స్పైరులినా లాంటి నాచు, మొక్కలు తిండిని, ఆక్సిజన్‌ను ఇస్తాయి. మన పెంటకుప్ప చేసే పనే ఇది. తేడా అంతా కాలంలో, నమ్మకంలో ఉంది. పెంటకుప్ప ఆర్నెల్లు తీసుకున్నా రైతు ఓపిక పడతాడు. నౌకలో ఒక గదిలో సూక్ష్మజీవులు చచ్చిపోతే నలుగురికీ ఊపిరి కరువవుతుంది. బీజింగ్‌లో విద్యార్థులు 2017–18లో మూసిన గదుల్లో వంతులవారీగా 370 రోజులు ఇలా బతికి చూశారు. కాని తలుపు అవతల బీజింగ్ ఉంది.

గగన్‌యాన్‌లో ముగ్గురి దాకా మూడు రోజుల పాటు 400 కిలోమీటర్ల ఎత్తులో ఉండాలన్నది ప్రణాళిక. ప్రమాదంలో వ్యోమగాములు తప్పించుకునే వ్యవస్థకు మొదటి గగన పరీక్ష 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలోనే జరిగింది. మూడు రోజులకు నీటిని తిరిగి వాడనక్కర్లేదు, పోగుచేసి తెస్తే చాలు. కానీ 2035 నాటికి కట్టాలనుకుంటున్న భారతీయ అంతరిక్ష కేంద్రానికి అది చాలదు. జెమినీ నుంచి అంతర్జాతీయ కేంద్రం దాకా నడిచిన దారిని మన ఇంజనీర్లు కూడా నడవవలసిందే. జిప్సం సంగతి ముందే తెలిసి నడుస్తారు, అంతే తేడా.

ఒక ముక్క మాత్రం మనవాళ్లు వేరే వైపు నుంచి మొదలుపెట్టారు. తమిళనాడులోని సిత్తంపూండి దగ్గరి రాయిని పొడిచేసి ఇస్రో చంద్రుడి మట్టిని పోలిన మట్టి తయారు చేసింది. 2020లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అలోక్ కుమార్, కౌశిక్ విశ్వనాథన్ బృందం ఇస్రోతో కలిసి అలాంటి మట్టితో ఇటుకలు చేసింది. మట్టిలో ఒక బాక్టీరియాను, యూరియాను కలుపుతారు. బాక్టీరియా యూరియాను విరగ్గొట్టి సున్నపురాయి పలుకులను పుట్టిస్తుంది. అవి మట్టి రేణువులను పట్టి ఉంచుతాయి. గట్టిదనానికి కలిపిన జిగురు గోరుచిక్కుడు గింజల నుంచి తీసినది, మన మెట్ట చేలల్లో కాసే గోరుచిక్కుడే. ఇక యూరియా మనిషి మూత్రంలోనే దొరుకుతుంది, దాన్ని చంద్రుడి దాకా మోసుకెళ్లనక్కర్లేదు.